ఫోర్ట్రాన్, సీ కలిపి లింక్ చేసేటప్పుడు ఆ అండర్‌స్కోర్ సంగతి

సీ ఫైల్లోంచి ఫోర్ట్రాన్ సబ్‌రొటీన్‌ను పిలిస్తే లింకర్ (కంపైలైన ఫైళ్లను కలిపే ప్రోగ్రామ్) "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్", అంటే ఆ పేరు దొరకలేదు, అంటోందా? కోడ్ జోలికి వెళ్లకండి, ముందు ఫోర్ట్రాన్ కంపైలర్ తయారుచేసిన ఆబ్జెక్ట్ ఫైల్ మీద, అందులోని పేర్లు చూపించే ఎన్ఎమ్ (nm) కమాండ్ నడపండి. కంపైలర్ పెట్టిన అసలు పేరు అక్కడ కనిపిస్తుంది. జీఫోర్ట్రాన్ కంపైలర్ పేరునంతా చిన్న అక్షరాల్లోకి మార్చి చివర ఒక అండర్‌స్కోర్ (_) తగిలిస్తుంది. లినక్స్‌లో ఇంటెల్ కంపైలర్‌దీ అదే పద్ధతి. విండోస్‌లో ఇంటెల్‌ది మాత్రం పెద్ద అక్షరాలు, అండర్‌స్కోర్ ఉండదు. ఐబీఎం ఎక్స్ఎల్ కంపైలర్ మామూలుగా ఏమీ చేర్చదు, క్యూ-ఎక్స్‌ట్‌నేమ్ (-qextname) ఆప్షన్ ఇస్తేనే చేరుస్తుంది.

చాలామంది వెంటనే అండర్‌స్కోర్ చేర్చొద్దని జీఫోర్ట్రాన్‌కు చెప్పే ఎఫ్-నో-అండర్‌స్కోరింగ్ (-fno-underscoring) ఆప్షన్ పెట్టేస్తారు. దయచేసి తొందరపడకండి! ఆ ఆప్షన్ మీ సబ్‌రొటీన్‌కే కాదు, ఆ ఫైల్లోంచి పిలిచే బయటి పేర్లన్నిటికీ వర్తిస్తుంది. మామూలు పద్ధతిలో కట్టిన బ్లాస్ (BLAS) అనే గణిత లైబ్రరీలో మాత్రికల గుణకారం చేసే డీజెమ్ (dgemm) ఉన్నది చివర అండర్‌స్కోర్‌తో; మీ ఫైల్ అది లేని డీజెమ్ కోసం వెతుకుతుంది. పైగా మీ సబ్‌రొటీన్ పేరు "టైమ్" లాంటిదైతే సీ లైబ్రరీ పేరుతోనే ఢీకొంటుంది.

కొత్త కోడైతే సబ్‌రొటీన్‌ను సీ పద్ధతికి కట్టిపడేసే, ఫోర్ట్రాన్ 2003లో వచ్చిన బైండ్-సీ, అంటే bind(C), వాడండి. అందులో నేమ్ ఈక్వల్స్ (name=) అని కోట్స్‌లో రాసిన పేరు, పెద్ద-చిన్న అక్షరాల తేడాతో సహా, అలాగే ఉంటుంది. ఏ కంపైలర్‌కు మారినా ఆప్షన్లు వెతుక్కునే పని లేదు. పూర్ణాంకాలకు ఐసో-సీ-బైండింగ్ (iso_c_binding) మాడ్యూల్‌లోని సీ-ఇంట్ (c_int) వాడండి. సీ అడ్రస్ కాకుండా విలువనే పంపుతుంటే ఆర్గ్యుమెంట్‌కు వాల్యూ (value) అని రాయడం మరవకండి, లేకపోతే ఫోర్ట్రాన్ దాన్ని అడ్రస్ అనుకుంటుంది.