కరెంటు తీగ అక్కర్లేని ఇల్లు – 3వ పాఠం: గోడకు మట్టి

పోయిన పాఠంలో, పాత ఇళ్లు పడగొట్టే చోట రాళ్లు, ఇటుకలు, ద్వారబంధాలు ఏరి తెచ్చుకోవడం చూశాం. సున్నంతో కట్టిన ఇటుక నాలుగు దెబ్బలకే శుభ్రంగా ఊడి వస్తుంది, సిమెంటుతో కట్టినదైతే ఇటుకే పగులుతుంది అని గుర్తుంది కదా. ఆ రాళ్లతో పునాది నేల మీద మూరెడు ఎత్తు లేచాకే మట్టి పని మొదలుపెట్టాలి. వాన చినుకులు నేల మీద పడి చిందేది ఆ ఎత్తులోనే.

పైమట్టి వద్దు. అందులో వేర్లు, ఆకు కుళ్లు ఉంటాయి. మోకాలి లోతు తవ్వి, అక్కడి మట్టిని గాజు సీసాలో సగానికి పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషంలోనే అడుగుకు దిగుతుంది. దాని మీద ఒండ్రు పేరుకుంటుంది. బంకమట్టి మాత్రం పైనున్న నీళ్లలో తేలుతూ మర్నాటికి గానీ దిగదు. మూడింటిలో ఇసుక వాటా పెద్దదిగా ఉండి, బంక ఐదో వంతు దగ్గర ఉంటే ఆ మట్టి గోడకు బాగుంటుంది.

నల్లరేగడి తడికి ఉబ్బి ఎండకు బీటలిస్తుంది, దాన్ని గోడకు వాడకండి. చౌడు కూడా గోడకు వద్దు. రాయలసీమ మిద్దెల పైకప్పుకు అది ఎంత బాగా పనికొస్తుందో కప్పు పాఠంలో చెబుతాను.

సీసాను చూసి తృప్తిపడి ఆగిపోవద్దు. ఇసుక పాళ్లు మార్చి మూడు ఇటుకలు పోసి నీడలో ఆరబెట్టండి. బీటలిచ్చినదాంట్లో బంక ఎక్కువ. వేలితో గీస్తే రాలేదాంట్లో తక్కువ. గీత కూడా సరిగ్గా పడనిది మీ మట్టి.

ఇప్పుడు తొక్కుడు. మట్టిని కుప్ప పోసి, నడుమ గుంట చేసి నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. పొద్దున్నే చెప్పులు విడిచి దిగండి. వరిగడ్డిని జానెడు ముక్కలుగా కోసి చల్లుతూ మడమతో తొక్కాలి. మొదట పాదం జారుతుంది, కాసేపటికి అంటుకుంటుంది, చివరికి మట్టి చాపలా చుట్టుకుని లేస్తుంది. అప్పుడు ఆపండి.

గోడ మూరెడు మందం. ఒక్కో వరుస మూరెడు ఎత్తుకు మించకూడదు. రెండు మూడు రోజులు ఆరి, బొటనవేలితో నొక్కితే దిగకుండా ఉంటేనే పై వరుస. ఒక స్నేహితుడి ఇంటికి సాయం వెళ్లినప్పుడు, వాన వస్తుందేమోనన్న టెన్షన్‌లో ఒకే రోజు రెండు మూరలు లేపేశాం. సాయంత్రానికి కింది వరుస పక్కకు ఉబ్బింది. మర్నాడు పారతో కోసి, అదే మట్టిని తడిపి మళ్లీ తొక్కి వాడుకున్నాం. ఒక్క తట్ట కూడా వృథా కాలేదు. సిమెంటుతో ఆ పని కుదరదు, అందుకే నాకు మట్టి అంటే అంత ఇష్టం.

వచ్చే పాఠంలో పాత ద్వారబంధం నిలబెడదాం. ఆరేకొద్దీ గోడ కుంగుతుంది కాబట్టి దాని పైన ఎంత సందు వదలాలో అక్కడ చూద్దాం. అప్పటికి మీ మూడు ఇటుకలు ఆరి ఉండాలి.