అన్నం కంటే ముందు కూర తినండి, తేడా మీటర్లో చూసుకోండి

షుగర్ అనగానే అందరం పాంక్రియాస్‌నే తిట్టుకుంటాం గానీ దానికి కబురు పంపేది పేగులు. 1964లోనే తేలింది ఇది, గ్లూకోజ్ నోటితో తాగిస్తే వచ్చినంత ఇన్సులిన్ నరంలోకి ఎక్కిస్తే రాలేదు. పేగుల్లోంచి జీఐపీ, జీఎల్‌పీ-1 అని రెండు హార్మోన్లు వచ్చి పాంక్రియాస్‌ని ఇన్సులిన్ వదలమంటాయి, అదీ రక్తంలో షుగర్ పెరిగి ఉంటేనే. జీఎల్‌పీ-1 ఇంకో మంచి పని కూడా చేస్తుంది, లివర్ నుంచి షుగర్ బయటికి తోయించే గ్లూకగాన్‌ని తగ్గిస్తుంది, పొట్టలోంచి తిండి మెల్లగా దిగేలా చేస్తుంది. టైప్ 2 ఉన్నవాళ్ళకి తిన్నాక కూడా గ్లూకగాన్ సరిగ్గా తగ్గదు, దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకో.

సరే ఏం చెయ్యాలి అంటే, అన్నం దిగేలోపే ఈ హార్మోన్లు పని మొదలుపెట్టేలా ప్రొటీన్, పీచు ముందు లోపలికి పంపాలి, అన్నం వెనకాల. ఒక కప్పు బీరకాయో బెండకాయో కూర, ఒక ఉడికించిన గుడ్డు లేదా గట్టిపప్పు, ఇవి అన్నం కలపకుండా తినేసి ఓ పది పదిహేను నిమిషాలు ఆగి అప్పుడు అన్నం పెట్టుకోండి. మన కూరలు అన్నంలో కలుపుకోడానికని ఉప్పు కారం దట్టించి వండుతాం కదా, ఉత్తగా తినలేరు, అందుకే తాలింపు అయ్యాక మీ వాటా ముందే తీసేసి మిగతాదానికి ఉప్పు సరిచెయ్యండి. బంగాళదుంప, చామదుంప వేపుడు ముందు తిని నేనూ చేశాను అనకండి, అది కూడా పిండిపదార్థమే.

తేడా చూడాలంటే గ్లూకోమీటర్ తియ్యండి. ఒకరోజు మామూలుగా, ఇంకోరోజు ఈ వరసలో, రెండు రోజులూ అదే కూర అదే కొలత అన్నం, తినేముందు ఒకసారి, అన్నం మొదలుపెట్టిన గంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి. గంటది వదిలెయ్యకండి, ఎక్కువ తేడా అక్కడే దొరుకుతుంది. అమెరికాలో 2015లో వచ్చిన ఒక చిన్న స్టడీలో, 11 మందే లెండి, చికెన్ కూరగాయలు ముందు పెట్టి 15 నిమిషాలాగి బ్రెడ్డు, ఆరెంజ్ జ్యూస్ ఇస్తే, బ్రెడ్డు జ్యూస్ ముందు ఇచ్చిన రోజు కంటే గంటకి షుగర్ దాదాపు 37% తక్కువొచ్చింది, రెండు గంటలకి తేడా 17% దగ్గరే.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే మాత్రం అన్నం బాగా తగ్గించేముందు డాక్టర్ని అడగండి, లో షుగర్ అయిపోద్ది.

మీ మందుల చీటీలో పేరు చివర గ్లిప్టిన్ అని ఉంటే, అంటే సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ లాంటివి, అది ఇదే దారిలో పనిచేసే మాత్ర. జీఎల్‌పీ-1 రక్తంలో ఒకటి రెండు నిమిషాలకే సగం విరిగిపోతుంది, ఆ విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఇది ఆపుతుంది. జీఎల్‌పీ-1 లాగే పనిచేసే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ మొదలుపెడుతుంటే ఆ గ్లిప్టిన్ ఇంకా వేసుకోవాలా అని తప్పకుండా అడగండి, రెండూ కలిపి వాడితే పెద్దగా ఒరిగేదేం లేదు, డబ్బులు దండగ.