షుగర్ ఉండి మాల వేసుకుంటున్నారా? ముందే చూసుకోవాల్సినవి

కార్తీకమాసం వస్తోందంటే సోమవారం ఉపవాసాలు, అయ్యప్ప మాలలు మొదలైపోతాయి. నలభై యాభై ఏళ్లు దాటి దీక్ష తీసుకునేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు తక్కువేమీ కాదు. గురుస్వామితో ముహూర్తం మాట్లాడుకుంటారు, నల్ల పంచెలు కొనుక్కుంటారు, మందుల సంగతి మాత్రం ఎవరినీ అడగరు. తిండి వేళలు ఒక్కసారిగా మారిపోయి, మాత్రల వేళలు పాతవే ఉండిపోతే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

అందుకే మాల వేసుకునే రోజుకు రెండు మూడు వారాల ముందే మీ డాక్టర్‌ని కలవండి. "షుగర్ కంట్రోల్‌లో ఉందా" అని అడిగి వచ్చేయకండి. పొద్దున టిఫిన్ తింటారా లేదా, భిక్ష ఎన్నింటికి, రాత్రి అల్పాహారం ఏమిటి, కాగితం మీద రాసుకెళ్లి చూపించండి. గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఇవి తిండి పడ్డా పడకపోయినా షుగర్‌ని దించుతూనే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే షుగర్ బాగా పడిపోయే భయం తక్కువ. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు ఆ పేరు ప్రత్యేకంగా చెప్పి అడగాలి. ఇవి వేసుకుంటూ కడుపు మాడ్చుకుంటే, నీళ్లు తక్కువ తాగితే, ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకోవచ్చు. మీటర్‌లో అంకె మరీ ఎక్కువ లేకపోయినా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఉపవాసం కదా అని మాత్రలన్నీ సొంతంగా మానేయడం కూడా తప్పే. నాలుగు రోజుల్లో షుగర్ 300 దాటిపోయి, గొంతు ఎండిపోయి, నీరసంతో పడిపోయేవాళ్లు ఉంటారు. ఏది తగ్గించాలి, ఏది భిక్ష వేళకు మార్చాలి అన్నది డాక్టర్ చెప్పాలి. టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం షుగర్) ఉన్నవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, ఈమధ్యే షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాళ్లు, గర్భిణులు కడుపు మాడ్చే ఉపవాసాల జోలికి వెళ్లకపోవడమే మంచిది. పూజ, దీపం, భజన ఎలాగూ ఉన్నాయి.

నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని కార్తీక సోమవారాన్ని తీసుకోండి. సాయంత్రం ఐదు, ఐదున్నర అవుతుంది. దీపాలకు వత్తులు సర్దుతుంటే చేతులు వణుకుతాయి. నుదుటి మీద చెమట, గుండె దడ, ఊరికే చిరాకు. పక్కనున్నవాళ్లు "ఉపవాసం కదమ్మా, నీరసం ఉంటుంది, ఇంకో గంట ఓర్చుకో" అంటారు. ఆ గంటే ప్రాణం మీదికి తెస్తుంది. వెంటనే వేలు గుచ్చి చూడండి. రక్తం చుక్క తీస్తే ఉపవాసం చెడిపోదు. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మళ్లీ అంతే తాగాలి. పెరిగాక కడుపుకి ఏదైనా తినాలి. ఆ రోజుకి ఉపవాసం అయిపోయినట్టే. మీటర్ దగ్గర లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా పంచదార తాగేయండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ సంగతి ఇంట్లోవాళ్లకీ, తోటి స్వాములకీ ముందే చెప్పి పెట్టండి.

ఇక భిక్ష. విస్తరి నిండా పులిహోర, పూర్ణాలు, పాయసం, అన్నం, పప్పు వడ్డిస్తారు. ఆకలి మీద అన్నీ తింటే రెండు గంటల్లో షుగర్ ఎక్కడికో పోతుంది. ముందు కూర, పప్పు, మజ్జిగ తీసుకుని, అన్నం చారెడు పెట్టించుకోండి. తీపి ప్రసాదం కళ్లకద్దుకుని ఒక చెంచా చాలు. అరవణ అయితే మరీనూ, అందులో ఉండేది బెల్లం, నెయ్యి, బియ్యం. రాత్రికి సగ్గుబియ్యం ఉప్మా కంటే పెసరట్టు నయం. తిన్నాక పది, పదిహేను నిమిషాలు నడవండి.

ఆ నడక ఒట్టికాళ్లతోనే కాబట్టి పాదాల గురించి గట్టిగా చెప్పాలి. షుగర్ వల్ల అరికాళ్లకు స్పర్శ తగ్గినవాళ్లకు గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. నేల మీద రక్తం మరక చూసి ఇంట్లోవాళ్లు చెబితే తెలుస్తుంది. మాలకు ముందే డాక్టర్‌తో పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. స్పర్శ లేదంటే, పాత పుండు ఉందంటే, గురుస్వామికి విషయం చెప్పి గుడ్డ చెప్పులో, మెత్తటి అడుగున్న పాదరక్షలో వేసుకోండి. కాలు పోగొట్టుకునేదాకా తెచ్చుకోవాల్సిన నియమం ఏదీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడిచి, అరికాళ్లను అద్దంలో చూసుకోండి. పొక్కు, పగులు, ఎరుపు ఏది కనిపించినా నొప్పి లేదు కదా అని వదలొద్దు. ఆనెకాయను బ్లేడుతో కోయొద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టేముందు నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో మోచేత్తో చూడండి, లేదా ఇంకొకరితో చూపించండి.

శబరిమలలో పంబ నుంచి సన్నిధానం (అయ్యప్ప గుడి) దాకా సుమారు 5 కిలోమీటర్లు, నీలిమల, అప్పాచిమేడు దగ్గర నిట్టనిలువు ఎక్కుడు. రోజూ అరగంట నడక నెల ముందే మొదలుపెట్టండి. గుండెజబ్బు ఉంటే కొండ ఎక్కొచ్చా అని ముందే అడగాలి. ఎక్కేటప్పుడు షుగర్ పడుతుంది, ఎక్కిన చాలా గంటలకు, రాత్రి నిద్రలో కూడా పడొచ్చు. క్యూలో గంటలకొద్దీ నిలబడాలి. అందుకని గ్లూకోజ్ పొడి, వేయించిన శనగలు, మంచినీళ్లు, మీటర్, మందులు భుజాన చిన్న సంచిలో ఉండాలి, బస్సులో ఉన్న లగేజీలో కాదు. ఇన్సులిన్ ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టొద్దు, ఐస్‌కి ఆనించొద్దు. "నాకు షుగర్ ఉంది, ఫలానా మందులు వాడుతున్నాను" అని రాసిన చీటీ, ఇంటి ఫోన్ నంబరు జేబులో పెట్టుకోండి.

మాల తీశాక తిండి వేళలు మళ్లీ మారతాయి. మందుల మోతాదు ఆ వారంలోనే డాక్టర్‌తో మాట్లాడి సరిచేసుకోండి, పాదాలు కూడా ఒకసారి చూపించండి.