బెంగళూరు ఎండలో సాల్ట్ ప్రింట్: 1855 బర్మా నదీయాత్ర ఫోటోను చేత్తో అచ్చు తీయడం

1855లో గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు మిండాన్ దగ్గరికి ఆర్థర్ ఫేర్ నాయకత్వంలో ఒక దౌత్య బృందాన్ని పంపాడు. వాళ్ళు ఆవిరి పడవల మీద ఐరావతి నదిలో ఎదురెక్కి అమరాపుర దాకా వెళ్ళారు. మద్రాసు సైన్యపు కెప్టెన్ లినియస్ ట్రైప్ ఆ బృందానికి ఫోటోగ్రాఫర్. అతను తెచ్చిన 200కు పైగా కాగితపు నెగటివ్‌లలోంచి 120 ఎంచి, ఒక్కోదానికి 50 చొప్పున 6000 ప్రింట్లు తీయించాడు. ఆ పని జరిగింది మన బెంగళూరులోనే. అప్పటికి ఎన్‌లార్జర్ (నెగటివ్‌ను పెద్దది చేసి అచ్చు వేసే యంత్రం) లేదు, కరెంటూ లేదు. ఉప్పు, వెండి, కాస్త గుడ్డు తెల్లసొన, మిగతాదంతా ఎండ. ఉప్పు పట్టించిన కాగితానికి వెండి ద్రావణం పూసి, పైన నెగటివ్ పెట్టి ఎండలో నల్లబరిచే ఈ అచ్చునే సాల్ట్ ప్రింట్ అంటారు. అదే పద్ధతిలో మీ మేడ మీద ఒక ప్రింట్ ఎలా తీయాలో కింద ఉంది. తెల్లసొన సంగతి మొదటి ప్రింట్లలో పక్కన పెట్టండి. అది లేకపోయినా ప్రింట్ వస్తుంది, పైగా తప్పు ఎక్కడ జరిగిందో తేలిగ్గా తెలుస్తుంది.

పడవ మీద గాజు పలక కాకుండా కాగితం ఎందుకో తెలిస్తే ఈ పని స్వభావం అర్థమవుతుంది. వెట్ కొలోడియన్ (కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని తడిగానే వాడే పద్ధతి) గాజు పలకను పూత పూసి, ఫోటో తీసి, డెవలప్ చేయడం అంతా ఆ పూత ఆరేలోపు, పది నిమిషాల్లో అయిపోవాలి. 1872 నుంచి 1876 దాకా సముద్రాలు చుట్టిన బ్రిటిష్ పరిశోధన నౌక ఛాలెంజర్ మీద ఆ పని చేయగలిగారంటే ఓడలోనే చీకటి గది ఉండబట్టే. 1853–54లో అమెరికా నౌకాదళపు కమడోర్ పెర్రీతో జపాన్ వెళ్ళిన ఎలిఫలెట్ బ్రౌన్ డాగెరోటైప్‌లు, అంటే వెండిపూత పలక మీద నేరుగా వచ్చే ఫోటోలు, తీశాడు. వాటికి నెగటివ్ ఉండదు, ఒక్కో ఫోటో ఒక్కటే ప్రతి. కాగితపు నెగటివ్ అలా కాదు. ముందే సిద్ధం చేసుకోవచ్చు, ఫోటో తీశాక తీరిగ్గా కడగవచ్చు, పెట్టెలో పడేస్తే పగలదు, ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు.

ముందుగా నెగటివ్. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఓపెన్ యాక్సెస్ సంగ్రహంలో ట్రైప్ ఫోటోలు వెతకండి. పెద్ద సైజు ఫైల్ దించుకుని, గోధుమరంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేయండి, ఇన్వర్ట్ చేయండి (నలుపు తెలుపులు తారుమారు), కుడి ఎడమలు తిప్పండి. సిరా ఉన్న వైపు కాగితానికి ఆనుతుంది కాబట్టి ఈ తిప్పడం మర్చిపోతే పగోడా అటుది ఇటు అవుతుంది. ఇంక్‌జెట్ ట్రాన్స్‌పరెన్సీ ఫిల్మ్ మీద, పిగ్మెంట్ ఇంక్ ప్రింటర్‌లో, అత్యధిక నాణ్యతతో ప్రింట్ తీయండి. లేజర్ ప్రింటర్ నలుపు చాలదు. ప్రెస్సులకు పాజిటివ్ ఫిల్మ్ తీసిచ్చే షాపుల్లో మంచి నలుపు వస్తుంది గానీ దగ్గరగా చూస్తే చుక్కలు కనిపిస్తాయి, ఆకాశం దగ్గర మరీను. డార్క్‌రూమ్‌లో వాడే మామూలు బ్రోమైడ్ కాగితానికి సరిపోయే నెగటివ్ సాల్ట్ ప్రింట్‌కు పలచనవుతుంది. డెన్సిటీ తేడా, అంటే నెగటివ్‌లో అన్నిటికన్నా పలచటి చోటుకూ దట్టమైన చోటుకూ మధ్య తేడా, 1.8 నుంచి 2.0 దాకా కావాలి. ఫిల్మ్ అంచున 0 నుంచి 100 దాకా పదేసి శాతం తేడాతో బూడిదరంగు గళ్ళు కూడా అచ్చు వేయండి. మొదటి ప్రింట్‌లో ఏ రెండు గళ్ళు కలిసిపోయాయో చూసి ఫోటో ఎడిటర్‌లో కర్వ్ (వెలుగునీడల స్థాయిలు మార్చే గీత) దిద్దుకోవచ్చు.

ఇక నీళ్ళు. బెంగళూరులో ఈ పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బోరు నీళ్ళలో, ట్యాంకర్ నీళ్ళలో క్లోరైడ్ ఉంటుంది. కావేరి నీళ్ళలోనూ ఎంతో కొంత ఉంటుంది, ఆర్‌ఓ నీళ్ళలో కూడా పూర్తిగా పోదు. పరీక్ష చాలా సులువు: గాజు గ్లాసులో నీళ్ళు పోసి, నల్లగుడ్డ ముందు పెట్టి, ఒక్క చుక్క సిల్వర్ నైట్రేట్ ద్రావణం వేయండి. చుక్క పడినచోట పాలు ఒలికినట్టు తెల్లటి తీగ దిగితే ఆ నీళ్ళు పనికిరావు. గ్లాసు తేటగా ఉంటేనే ద్రావణానికి వాడాలి. పెట్రోల్ బంకుల్లో అమ్మే బ్యాటరీ వాటర్ చాలాసార్లు ఈ పరీక్ష నెగ్గుతుంది, కానీ ప్రతి క్యాన్‌నూ విడిగా చూసుకోవాలి. కొలిచి కలిపే ద్రావణాలన్నిటికీ, మొదటి కడుగుకూ ఇదే వాడండి. చివరి కడుగుకు కుళాయి నీళ్ళు చాలు.

ఉప్పు ద్రావణం అర లీటరుకు: 4 గ్రాముల జెలటిన్‌ను చల్లటి నీళ్ళలో పావుగంట నాననిచ్చి 45 డిగ్రీల దాకా వేడిచేస్తే కరుగుతుంది. అందులో 10 గ్రాముల సోడియం క్లోరైడ్, 10 గ్రాముల సోడియం సిట్రేట్ కలపండి. వంటింటి ఉప్పు వద్దు. అయొడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి రెండూ ప్రింట్‌ను పాడుచేస్తాయి. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో దొరికే ఉప్పు తీసుకోండి. కాగితం 100 శాతం కాటన్, 300 జీఎస్‌ఎమ్, హాట్ ప్రెస్ (నున్నటి) వాటర్‌కలర్ కాగితం. వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గోరువెచ్చటి ద్రావణంలో 3 నిమిషాలు ముంచి, బుడగలు లేకుండా వేలితో తుడిచి, మూలలు పట్టుకుని ఆరేయండి. ఇలా ఉప్పు పట్టించిన కాగితం నెలల తరబడి నిలవుంటుంది కాబట్టి ఇరవై షీట్లు ఒకేసారి చేసి పెట్టుకోవడం మేలు.

వెండి పని మొదలుపెట్టేముందు కళ్ళకు రక్షణ అద్దాలు (సేఫ్టీ గాగుల్స్), చేతితొడుగులు వేసుకోవాలి. సిల్వర్ నైట్రేట్ చేతికంటితే అప్పుడేమీ కనిపించదు, మర్నాటికి నల్లబడి వారానికి పైగా పోదు. అదే కంట్లో పడితే చూపు పోవచ్చు. 100 మిల్లీలీటర్ల పరీక్షించిన నీళ్ళలో 12 గ్రాముల సిల్వర్ నైట్రేట్, 5 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కరిగించి గోధుమరంగు సీసాలో పెట్టండి. సిట్రిక్ యాసిడ్ వేసేది మన వేడికి కాగితం తనంతట తాను రంగు మారకుండా. 8 బై 10 అంగుళాల షీట్‌కు ఒక పూతకు రెండున్నర మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఈ సీసాతో 40 పూతలు. ఇదే లెక్కన 10 బై 13 అంగుళాల షీట్‌కు 4 మిల్లీలీటర్లు. అలాంటివి 6000 ఒక్క పూతతో తీయాలంటే దాదాపు మూడు కిలోల సిల్వర్ నైట్రేట్ కావాలి! ఆ పని ఎంత పెద్దదో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

పూతకు చీకటి అవసరం లేదు. కిటికీలు మూసి, తక్కువ వాట్ల పసుపు బల్బు దూరంగా పెడితే చాలు. ట్యూబ్‌లైటు మాత్రం ఆర్పేయాలి. బ్రష్‌కు లోహపు పట్టీ ఉండకూడదు. ఇనుము తగిలితే వెండి నల్లటి నలుసులుగా విడిపోతుంది. చెక్కపిడి మెత్తటి బ్రష్‌ను ముందు బ్యాటరీ వాటర్‌లో తడిపి గట్టిగా పిండండి. సిరంజితో కొలిచిన ద్రావణాన్ని కాగితం మధ్యలో గీతలా పోసి, ఎడమనుంచి కుడికి, తర్వాత పైనుంచి కిందికి, బరువు పెట్టకుండా లాగండి. తడి మెరుపు కాగితమంతా ఒకే తీరుగా ఉండాలి. మెరుపు తగ్గి మాట్‌గా మారేచోట ఇక బ్రష్ పెట్టకండి, పెడితే చార పడుతుంది. ఐదు నిమిషాలాగి రెండో పూత వేస్తే నీడలకు, అంటే ఫోటోలోని ముదురు భాగాలకు, లోతు వస్తుంది. ఖర్చు రెట్టింపే అయినా నాకు రెండో పూతే నచ్చుతుంది.

తర్వాత ఫ్యాన్ గాలికి 20 నిమిషాలు ఆరనివ్వండి. ముట్టుకుంటే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. తడి కాగితం మీద నెగటివ్ పెడితే వెండి ఫిల్మ్‌కు పట్టి, ఆ నెగటివ్ శాశ్వతంగా మచ్చపడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా తేమ ఎక్కువ కాబట్టి హెయిర్ డ్రయర్ చల్లగాలితో మరో ఐదు నిమిషాలు ఆరబెట్టి, మధ్యలో పలచటి పాలియెస్టర్ షీట్ పెట్టాలి. పూత వేసిన కాగితం ఆ రోజే వాడేయాలి. మర్నాటికి పసుపు తిరుగుతుంది.

నెగటివ్‌నూ కాగితాన్నీ అదిమి ఉంచేది కాంటాక్ట్ ఫ్రేమ్. రెండుగా తెరుచుకునే వెనకపలక ఉన్నది వాడితే నెగటివ్ కదలకుండా సగం తెరిచి చూసుకోవచ్చు. జనవరి మిట్టమధ్యాహ్నపు ఎండలో పది నిమిషాలతో మొదలుపెట్టండి. మబ్బు పడితే గంట దాకా పోవచ్చు. నెగటివ్ పలచనగా ఉంటే ఫ్రేమ్‌ను నీడలో, ఆకాశం వెలుగుకు పెట్టండి. టైము ఎక్కువ పడుతుంది గానీ కాంట్రాస్ట్ పెరుగుతుంది. దట్టమైన నెగటివ్‌కు నేరుగా ఎండే సరి. ప్రతి మూడు నిమిషాలకూ నీడలోకి తెచ్చి ఒక మూల ఎత్తి చూడండి. కాగితం ముందు వంకాయరంగు, తర్వాత చాక్లెట్ రంగు తిరుగుతుంది. నీడల్లో లోహపు మెరుపు రావడం మొదలై, తెల్లగా ఉండాల్సిన చోట లేత మరక పడేదాకా ఆపకండి. చూసేవాళ్ళకు ఇది పాడైపోయిన ప్రింట్‌లా ఉంటుంది. అంతదాకా పోనివ్వాల్సిందే, ఎందుకంటే హైపో (ప్రింట్‌ను స్థిరపరిచే సోడియం థయోసల్ఫేట్) చాలా భాగం తినేస్తుంది. కొత్తవాళ్ళ ప్రింట్లు వెలవెలబోయేది ఇక్కడ భయపడి ముందే తీసేయడం వల్ల.

ఫోటోలు కడిగించడం అని మనం అనే మాటకు అసలు అర్థం ఇప్పుడు కనిపిస్తుంది. బ్యాటరీ వాటర్ ఉన్న ట్రేలో ప్రింట్‌ను జారవిడవండి. క్షణంలో కాగితం నుంచి తెల్లటి పొగలాంటిది లేచి నీళ్ళు మజ్జిగతేటలా అవుతాయి. అది కాగితంలో మిగిలిన వెండి. ఆ నీళ్ళు పారబోయకండి, ఒక బకెట్‌లో పోయండి. తేటపడేదాకా నాలుగైదుసార్లు నీళ్ళు మార్చి, 3 శాతం ఉప్పునీళ్ళలో 5 నిమిషాలు ఉంచి మళ్ళీ కడగండి. చాక్లెట్ రంగు కాస్తా ఇటుకరంగుకు తిరుగుతుంది, కంగారు పడనక్కర్లేదు.

గోల్డ్ టోనింగ్, అంటే బంగారు ద్రావణంతో రంగు మార్చడం, తప్పనిసరి కాదు, కానీ ప్రింట్ పదేళ్ళు నిలవాలంటే చేయండి. 400 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్ళలో 3 గ్రాముల బోరాక్స్, 1 శాతం గోల్డ్ క్లోరైడ్ 6 మిల్లీలీటర్లు. ట్రే ఆపకుండా ఊపుతుంటే ఐదు నుంచి పది నిమిషాల్లో ఎరుపు చల్లబడి ఊదా గోధుమరంగు వస్తుంది. ఆ తర్వాత నీళ్ళలో ఒకసారి ముంచి హైపోలో వేయాలి.

హైపో లీటరుకు 100 గ్రాములు, దాంట్లో 2 గ్రాముల సోడియం కార్బొనేట్. రెండు ట్రేలు, ఒక్కోదాంట్లో 4 నిమిషాలు. ఫిల్మ్‌కు వాడే ర్యాపిడ్ ఫిక్సర్ పొరపాటున కూడా వాడకండి. అది ఆమ్లంతో కూడింది, సన్నటి వెండి రేణువులను కరిగించి లేత భాగాలను తుడిచేస్తుంది. తర్వాత 1 శాతం సోడియం సల్ఫైట్‌లో 4 నిమిషాలు, పారే నీళ్ళలో 40 నిమిషాలు. ఇక్కడ తొందరపడితే శిక్ష నెలల తర్వాత పడుతుంది. కాగితంలో మిగిలిన హైపో ప్రింట్‌ను అంచులనుంచి పసుపు చేస్తూ మధ్యకు తినుకుంటూ వస్తుంది. ఆరాక రంగు కొంచెం ముదురుతుంది, కాబట్టి తడిలో చూసి తీర్పు చెప్పకండి.

ప్రింట్ అంతా మచ్చమచ్చలుగా ఉంటే ఉప్పు ద్రావణం సమంగా పట్టలేదు, లేదా కాగితపు సైజింగ్ (తయారీలో కాగితానికి పట్టించే జిగురు) బాగాలేదు. వేరే కాగితం చూడండి. తెల్లటి భాగాలు పసుపుగా ఉంటే కాగితం పాతబడింది, లేదా హైపో ట్రే అలసిపోయింది. 8 బై 10 ప్రింట్లు పది దాటితే మొదటి ట్రే పారేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది కలపండి. నీడలన్నీ గోధుమరంగు దగ్గరే ఆగిపోయి ఎంత ఎండ పెట్టినా లోతు రాకపోతే వెండి చాల్లేదు. పూత పలచబడి ఉండవచ్చు, లేదా ఉప్పు ఎక్కువై ఉండవచ్చు. ఉప్పుకు మించి వెండి ఉంటేనే నలుపు వస్తుంది.

ట్రైప్ నెగటివ్ మీదే రంగు పూసి ఆకాశాన్ని, మబ్బులను దిద్దేవాడు. మీ ప్రింట్‌లో ఆకాశం మరీ మచ్చలుగా అనిపిస్తే ఇదే దారి. ఫిల్మ్ వెనకవైపు, సిరా లేని పక్క, మెత్తటి కుంచెతో పలచటి ఎర్రటి వాటర్‌కలర్ ఒక పొర వేయండి. ఎరుపు అతినీలలోహిత కాంతిని ఆపుతుంది కాబట్టి కొంచెం వేసినా ఆకాశం తేలిపోతుంది.

బకెట్‌లో దాచిన కడుగునీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి రెండు రోజులు కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి మడ్డి చేరి, వెలుగు తగిలితే ఊదారంగు తిరుగుతుంది. పైన తేట వంచేసి మడ్డిని కాఫీ ఫిల్టర్ కాగితంలో ఆరబెట్టి డబ్బాలో పోగుచేయండి. కేజీ దాకా చేరాక వెండి కరిగించేవాళ్ళు తీసుకుంటారు. ఆ మడ్డి డ్రైనేజీలోకి, మొక్కల్లోకి వెళ్ళకూడదు.