హైస్కూల్ ట్రాక్ నుంచి కాలేజీ హెప్టాథ్లాన్, డెకాథ్లాన్ దాకా: అమెరికాలో మల్టీ ఈవెంట్ అథ్లెట్ ప్రణాళిక

అమెరికాలోని చాలా రాష్ట్రాల హైస్కూల్ పోటీల్లో హెప్టాథ్లాన్ (ఏడు అంశాల పోటీ) గానీ డెకాథ్లాన్ (పది అంశాల పోటీ) గానీ, అంటే మల్టీ ఈవెంట్ పోటీలు, ఉండవు. అందువల్ల హర్డిల్స్ దాటుతూ, హైజంప్ చేస్తూ, 400 మీటర్లు కూడా బాగా పరుగెత్తే విద్యార్థి ఏ ఒక్క అంశంలోనూ మొదటి స్థానం రాక మరుగున పడిపోయే ప్రమాదం ఉంది. నిజానికి కాలేజీ కోచ్‌లు వెతికేది అటువంటి వారినే. ఆ విద్యార్థి, తల్లిదండ్రులు, హైస్కూల్ కోచ్ కలిసి ముందుగా నేర్చుకోవలసింది పతకాలను కాక పాయింట్లను లెక్కపెట్టడం.

అమ్మాయిల హెప్టాథ్లాన్‌లో మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు, రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్ల పరుగు ఉంటాయి. అబ్బాయిల డెకాథ్లాన్ 100 మీటర్లతో మొదలై 1500 మీటర్లతో ముగిసే పది అంశాల పోటీ. ప్రతి ఫలితాన్నీ ఒక నిర్ణీత సూత్రం ప్రకారం పాయింట్లుగా మారుస్తారు. లాంగ్‌జంప్‌లోనూ త్రోలలోనూ (షాట్‌పుట్, జావెలిన్ వంటి విసిరే అంశాలు) మూడు ప్రయత్నాలే ఉంటాయి, మూడూ ఫౌల్ అయితే ఆ అంశానికి సున్నా వస్తుంది.

పాయింట్ల పట్టికను దగ్గర పెట్టుకుని కూర్చుంటే సాధన సమయాన్ని ఎక్కడ వెచ్చించాలో దానంతట అదే తెలుస్తుంది. హెప్టాథ్లాన్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 15.0 సెకన్ల నుంచి 14.5కు తగ్గితే సుమారు 67 పాయింట్లు పెరుగుతాయి. హైజంప్ 1.65 మీటర్ల నుంచి 1.68కి పెరిగితే సుమారు 35 వస్తాయి. 800 మీటర్లలో 2:20 నుంచి 2:15కు దిగితే దాదాపు 70, జావెలిన్ 30 మీటర్ల నుంచి 35కు వెళ్తే సుమారు 95 పాయింట్లు కలుస్తాయి. జావెలిన్‌ను కొత్తగా పట్టుకున్న అమ్మాయి సరైన శిక్షణ దొరికితే ఒక్క సీజన్‌లోనే అయిదు మీటర్లు మెరుగుపడవచ్చు, కానీ ఇప్పటికే వేగంగా ఉన్న హర్డిలర్ అర సెకను తగ్గించుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. ఇంత సూక్ష్మమైన లెక్క అవసరమా అనుకునేవారు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ను గుర్తు చేసుకోవాలి: లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ)లో బాస్కెట్‌బాల్, ట్రాక్ రెండూ ఆడిన జాకీ జాయ్నర్ అక్కడ కేవలం 5 పాయింట్ల తేడాతో స్వర్ణం కోల్పోయింది. 800 మీటర్లలో అది అర సెకనుకన్నా తక్కువ. ఆమె 1988లో సియోల్‌లో సాధించిన 7291 పాయింట్లు ప్రపంచ రికార్డుగా నిలిచాయి.

అయితే హైస్కూల్లోనే అన్ని అంశాలనూ సమానంగా నేర్పించాలనే తొందర మంచిది కాదని నా అభిప్రాయం. వేగం, హర్డిల్స్ లయ, దూకే శక్తి చిన్న వయసులో పునాదిగా పడాలి. త్రోలకు కావలసిన బలం తరువాత కూడా పెరుగుతుంది. ఒక మీట్‌లో సాధారణంగా నాలుగు అంశాలకు మించి పాల్గొనే వీలుండదు కనుక ఒక వారం హర్డిల్స్, హైజంప్, మరో వారం లాంగ్‌జంప్, 400 మీటర్లు అన్నట్టు మార్చుకుంటూ పోవాలి. జావెలిన్ లేని రాష్ట్రాల వారు వేసవిలో ఏదైనా క్లబ్‌లో దానిని నేర్చుకుని, యూఎస్‌ఏటీఎఫ్ (అమెరికా అథ్లెటిక్స్ సంఘం) జూనియర్ ఒలింపిక్స్‌లో కనీసం ఒక్క పూర్తి మల్టీ ఈవెంట్ స్కోరు నమోదు చేసుకుంటే మేలు.

అసలు డెకాథ్లాన్ ఆడకుండానే కాలేజీకి వెళ్లినవారూ ఉన్నారు. ఆరెగాన్ రాష్ట్రంలోని బెండ్ పట్టణానికి చెందిన యాష్టన్ ఈటన్ హైస్కూల్లో 400 మీటర్లు, లాంగ్‌జంప్ రాష్ట్ర టైటిళ్లు గెలిచాడు. డెకాథ్లాన్‌ను ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో చేరిన తరువాతే మొదలుపెట్టి, 2008 నుంచి 2010 వరకు వరుసగా మూడేళ్లు ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) డెకాథ్లాన్ టైటిల్ గెలిచాడు, ఆపైన 2012, 2016 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు సాధించాడు.

కాలేజీకి వెళ్లేటప్పుడు అబ్బాయిలకు పరికరాలు మారతాయి. హర్డిల్ ఎత్తు 39 అంగుళాల నుంచి 42కు, షాట్ 5.44 కిలోల నుంచి 7.26కు, డిస్కస్ 1.6 కిలోల నుంచి 2 కిలోలకు పెరుగుతాయి. కాబట్టి మొదటి ఏడాది స్కోరు ఆశించినంత రాకపోయినా కలవరపడనక్కరలేదు. అమ్మాయిలకు 33 అంగుళాల హర్డిల్, 4 కిలోల షాట్ యథాతథంగా కొనసాగుతాయి, అందువల్ల వారి హైస్కూల్ ఫలితాలను కోచ్‌లు మరింత నమ్మకంగా అంచనా వేయగలుగుతారు.

డివిజన్ 1 (ఎన్‌సీఏఏలో అత్యున్నత స్థాయి) కాలేజీల కోచ్‌లు పదో తరగతి ముగిసిన తరువాత జూన్ 15 నుంచి విద్యార్థికి నేరుగా సందేశాలు పంపవచ్చు. ఆ తేదీ కోసం ఎదురుచూడకుండా ముందే కోచ్‌కు ఈమెయిల్ రాయడంలో తప్పు లేదు. అందులో ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో వచ్చిన ఉత్తమ ఫలితాలు, మీట్ పేరు, తేదీ, గాలి వేగం, మార్కుల సగటు, హర్డిల్స్, జంప్‌ల చిన్న వీడియోలు ఉండాలి. పొగడ్తలు అక్కరలేదు. డివిజన్ 1 అర్హతకు హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, గణితం వంటి ప్రధాన పాఠ్యాంశాలు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (మార్కుల సగటు) అవసరం. ఆ కోర్సుల్లో పదింటిని పన్నెండో తరగతి మొదలయ్యేలోపే పూర్తి చేయాలి కనుక తొమ్మిదో తరగతిలోనే స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడటం అవసరం.

కాలేజీని ఎంచుకునేటప్పుడు స్కాలర్‌షిప్ మొత్తం ఒక్కటే చూడకూడదు. మల్టీ ఈవెంట్ అథ్లెట్లకు ప్రత్యేకంగా ఒక కోచ్ ఉన్నారా, త్రోలు ఎవరు నేర్పుతారు, చలికాలంలో డెకాథ్లాన్‌లో భాగమైన పోల్‌వాల్ట్ సాధనకు ఇండోర్ వసతి ఉందా, గతంలో చేరినవారి స్కోర్లు ఏటా పెరిగాయా అని అడగాలి. చివరి ప్రశ్నకు సమాధానం బహిరంగంగా దొరికే ఫలితాల్లోనే ఉంటుంది. డివిజన్ 1 అవుట్‌డోర్ ఛాంపియన్‌షిప్‌కు ఆ సీజన్ స్కోర్ల ఆధారంగా 24 మంది, ఇండోర్‌కు 16 మంది మాత్రమే ఎంపికవుతారు. ఆ జాబితాలో చివరి పేరుకు ఎన్ని పాయింట్లున్నాయో చూసి, విద్యార్థి ప్రస్తుత స్కోరుకు అది ఎంత దూరమో, ఏ అంశాల ద్వారా ఆ దూరం తగ్గుతుందో కోచ్‌తో కలిసి నాలుగేళ్లకూ విడివిడిగా రాసుకోవాలి.