ఎనిమిది కేటాయిస్తే రెండే కనిపిస్తున్నాయా? వర్చువల్ సీపీయూ టోపాలజీ: సమస్య - పరిష్కారం

సమస్య: లినక్స్‌లోని వర్చువలైజేషన్ వ్యవస్థ కేవీఎమ్ మీద నడిచే వర్చువల్ మెషీన్‌కు (గెస్ట్) 8 వర్చువల్ సీపీయూలు కేటాయించారు. లోపల విండోస్ 10 ప్రో ఉంది. టాస్క్ మేనేజర్‌లో మాత్రం రెండే కనిపిస్తున్నాయి. ఆ రెండూ నూరు శాతం భారంతో సతమతమవుతుంటే దాన్ని నడిపే అసలు యంత్రం, అంటే హోస్ట్, ఖాళీగా కూర్చుంటుంది.

కారణం: టోపాలజీ (సాకెట్లు, కోర్లు, థ్రెడ్ల అమరిక) రాయకపోతే, వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్ ఒక్కో వర్చువల్ సీపీయూను ఒక్కో సాకెట్‌గా, అంటే విడి ప్రాసెసర్ చిప్‌గా చూపుతుంది. విండోస్ ప్రో రెండు సాకెట్లకు మించి వాడుకోదు, హోమ్ అయితే ఒక్కటే. అందుకే సంఖ్యను 16కు పెంచినా ఫలితం మారదు. మార్చాల్సింది అమరికను.

పరిష్కారం: లిబ్‌వర్ట్ కమాండ్ సాధనమైన విర్ష్‌లో ఎడిట్ ఆదేశంతో సెట్టింగుల ఫైలు తెరిచి, సీపీయూ విభాగంలోని టోపాలజీలో సాకెట్లు 1, కోర్లు 8, థ్రెడ్లు 1 అని రాయండి. తర్వాత మెషీన్‌ను పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి. విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే పాత అమరికే కొనసాగుతుంది.

భద్రపరచేటప్పుడు టోపాలజీ సరిపోలడం లేదని ఎర్రర్ వస్తే గుణించి చూడండి: సాకెట్లు, కోర్లు, థ్రెడ్ల లబ్ధం గరిష్ఠ వర్చువల్ సీపీయూల సంఖ్యకు సమానం కావాలి. ఏఎమ్‌డీ ప్రాసెసర్ మీద థ్రెడ్లు 2 అని రాసినా గెస్ట్‌లో ఒకటే కనిపిస్తే, టోపోఎక్స్‌ట్ ఫీచర్‌ను (థ్రెడ్ల అమరికను గెస్ట్‌కు తెలిపే సీపీయూ ఫీచర్) తప్పనిసరిగా చేర్చండి.

సమస్య: థ్రెడ్లు 2 (ఒక్కో కోర్‌కు రెండు) అని రాశాక వేగం నిలకడగా ఉండటం లేదు.

కారణం: ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. టోపాలజీ గెస్ట్‌కు చెప్పే మాట మాత్రమే, హోస్ట్‌ను అది కట్టడి చేయదు. వర్చువల్ సీపీయూలు 0, 2 వేర్వేరు కోర్లని నమ్మి గెస్ట్ వాటికి బరువైన పనులు అప్పగిస్తుంది. హోస్ట్ ఆ రెండింటినీ ఒకే భౌతిక కోర్ మీద నడపవచ్చు.

పరిష్కారం: పిన్ చేయండి, అంటే ఒక్కో వర్చువల్ సీపీయూను హోస్ట్‌లోని ఒక నిర్దిష్ట సీపీయూకు కట్టండి. ముందుగా హోస్ట్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ ఆదేశాన్ని 'ఇ' ఆప్షన్‌తో నడిపి, కోర్ అనే నిలువు వరుస చూడండి. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్ల ఇంటెల్ యంత్రాల్లో సాధారణంగా 0, 4 ఒక జంట, అంటే ఒకే కోర్‌లోని రెండు థ్రెడ్లు. 1, 5 మరో జంట. గెస్ట్‌లో మాత్రం 0, 1 జంట. కాబట్టి వరుస అంకెలతో పిన్ చేస్తే జంటలు విడిపోతాయి. 0, 4లను హోస్ట్‌కే వదిలి, గెస్ట్‌కు ఆరు ఇవ్వండి: కోర్లు 3, థ్రెడ్లు 2. వర్చువల్ 0ని 1కి, 1ని 5కి. 2ని 2కి, 3ని 6కి. 4ని 3కి, 5ని 7కి కట్టండి.

పిన్ చేసే ఉద్దేశం లేకపోతే థ్రెడ్లను 1గానే ఉంచడం మంచిదని నా అభిప్రాయం. పిన్ చేశాక విర్ష్‌లో వీసీపీయూఇన్ఫో నడిపి, ఒక్కొక్కటి ఏ సీపీయూకు కట్టుబడిందో సరిచూసుకోండి.