తోపుడు బండి సరుకు పట్టుకుపోతే ఏం చేయాలి

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి వీధుల్లో జామకాయలో, మల్లెపూలో అమ్ముకోవడం అధికారుల దయ కాదు. అది రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ, దానిపై సహేతుకమైన ఆంక్షలు పెట్టవచ్చు గానీ అవి చట్టం ద్వారానే రావాలి. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం విక్రయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసి, రసీదు బండిలోనే ఉంచుకోండి. ఖాళీ చేయించడానికి ముందు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాయించి, అధికారి సంతకం ఉన్న ప్రతిని అడిగి తీసుకోండి. అందులో ‘బుట్ట ఒకటి’ అని కాక ‘జామకాయలు 12 కిలోలు, త్రాసు ఒకటి’ అని ఉండేలా చూసుకోకపోతే తర్వాత వాదనకు ఆధారం మిగలదు. నిర్ణీత రుసుము కట్టి కోరితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. మల్లెలు అమ్మేవారు మాత్రం సాయంత్రం దాకా ఆగకండి.